జెర్సీ నంబర్ 88, జస్టిస్ పేజ్

పిల్లలు ముందు చూసేది ఆ వేలినే. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, మెడలో బో టై. అవి ఆ తర్వాత. అలన్ పేజ్ చిటికెన వేలు నడిమి కణుపు దగ్గర పక్కకు తిరిగిపోయి, వడ్రంగి మూలమట్టం పెట్టి గీసినట్టు ఉంటుంది. ఆటలో కీలు తప్పింది, కుదురుకునే లోపే మళ్లీ తప్పింది, చివరికి అలాగే నిలిచిపోయింది. బడి పిల్లలకు దాన్ని మించిన వింత ఏముంటుంది? 2013లో ఆయన, బడిలో పాఠాలు చెప్పే కూతురు కేమీ కలిసి ఆ వేలి మీద ఏకంగా ఒక పిల్లల పుస్తకమే రాశారు.

ఈ వేలి సొంతదారు అమెరికన్ ఫుట్‌బాల్‌లో 15 సీజన్లు ఆడాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లకు పైగా మిన్నెసోటా రాష్ట్ర సుప్రీంకోర్టులో న్యాయమూర్తిగా కూర్చున్నారు. ఈ రెండు వాక్యాల్లో క్రియ మారింది, గమనించారా? తెలుగు పత్రికల్లో ఆటగాడు ఎంత గొప్పవాడైనా 'అతడు'. జడ్జి మాత్రం మొదటి రోజు నుంచే 'ఆయన'. మరి ఒకే మనిషి రెండూ అయితే ఏ పేరాలో మార్చాలి? ఆయన కథంతా తిరగేసి చూశాక నాకు మార్చాల్సిన చోటు కనిపించలేదు. అందుకని ఇక చివరిదాకా ఆయనే.

చెడుగుడు తెలిస్తే చాలు

మనం ఫుట్‌బాల్ అనేదాన్ని అమెరికా వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో కాలికి పని తక్కువ, భుజానికి ఎక్కువ. కోడిగుడ్డులా కోసుగా ఉండే బంతి. పక్షానికి పదకొండు మంది. బంతి చేతిలో ఉన్న జట్టు నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మరో నాలుగు ప్రయత్నాలు దక్కుతాయి, పోకపోతే బంతి అవతలివాళ్ల పాలు. ప్రతి ప్రయత్నానికీ ముందు రెండు జట్లూ గీతకు అటూ ఇటూ వంగి ఎదురెదురుగా నిలబడతాయి. మధ్యలో ఉన్నవాడు కాళ్ల సందులోంచి బంతిని వెనక్కి అందిస్తాడు. అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. జట్టుకు బుర్ర అతడే, చెయ్యీ అతడే. టీవీ కెమెరాలూ ప్రకటనల డబ్బూ అతని చుట్టూనే తిరుగుతాయి.

అతణ్ణి బంతి విసరకముందే కూల్చడాన్ని శాక్ అంటారు. చెడుగుడులో కూతకొచ్చినవాణ్ణి గీత దాటి పోనివ్వకుండా పట్టుకున్నప్పుడు ఊరంతా ఎలా లేచి అరుస్తుందో, శాక్ పడినప్పుడు స్టేడియం అలాగే లేస్తుంది. తేడా ఒకటే. ఇక్కడ పట్టేవాడే గీత దాటి వెళ్లాలి. మధ్యలో నూట ముప్ఫై కిలోల కాపలాదారులు గోడ కట్టి ఉంటారు. దారి వెతుక్కోవడానికి ఉన్న సమయం రెండు మూడు సెకన్లు.

ఆ గోడకు సరిగ్గా ఎదురుగా, నట్టనడుమ నిలబడేవాణ్ణి డిఫెన్సివ్ టాకిల్ అంటారు. పేజ్ ఆడింది అక్కడే. ఆ స్థానానికి ఆయన బరువు చాలదనే చెప్పాలి, 111 కిలోల లోపే. బరువు లేని చోట వేగాన్ని వాడుకున్నారు. బంతి కదిలీ కదలగానే ఆయన కదిలేవారు. ఎదుటివాడు తల ఎత్తేసరికి పక్కనుంచి దూరిపోయి ఉండేవారు. బలంతో గుద్దుకునే ఆటలో ఈయన ముందుగా చదివి ఆడారు. ఆ 'చదవడం' అనే మాటను కాస్త గుర్తుంచుకోండి, దానితో పని ఉంది.

కట్టిన చోటికే తిరిగి

1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో పుట్టారు. ఉక్కు మిల్లుల ఊరు. నల్లజాతి కుర్రాడికి అక్కడ దొరికే భవిష్యత్తు ఆ మిల్లు గేటు లోపలే ఉండేది. పేజ్‌కు అది ఇష్టం లేదు. చిన్నప్పుడు టీవీలో పెర్రీ మేసన్ సీరియల్ చూసేవారు. కోర్టులో చివరి నిమిషంలో అసలు నేరస్తుణ్ణి బయటపెట్టే లాయరు కథలు. నాలుగో తరగతిలోనే లాయరు కావాలని నిర్ణయించుకున్నానని తర్వాత చాలాసార్లు చెప్పారు. ఫుట్‌బాల్ ముట్టుకున్నది తొమ్మిదో తరగతిలో. అంటే వకాలత్ కోరికే ముందు, ఆట ఆ తర్వాత. ఈ వరస పట్టించుకోకుండా 'ఆటగాడు జడ్జి అయ్యాడు' అని రాసేవాళ్లంతా కథను తలకిందులుగా చెబుతున్నట్టే.

కాంటన్ మరో విషయానికి పేరున్న ఊరు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ అక్కడే ఉంది. 1963లో తెరిచిన ఆ భవనం కడుతున్నప్పుడు, స్కూలు కుర్రాడైన పేజ్ అక్కడ కూలీ పని చేశారు. పాతికేళ్ల తర్వాత, 1988లో, అదే భవనంలో ఆయన విగ్రహం పెట్టారు. సినిమాలో పెడితే రచయిత మరీ ఎక్కువ చేశాడంటాం.

నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చదువు. 1966లో ఆ జట్టు జాతీయ విజేత. 1967లో ప్రొఫెషనల్ లీగ్ కొత్త ఆటగాళ్ల ఎంపికల్లో, మొదటి రౌండ్‌లో పదిహేనో ఆటగాడిగా మిన్నెసోటా వైకింగ్స్ ఆయన్ని తీసుకుంది.

మిన్నెసోటా చలి గురించి అక్కడ ఉద్యోగాలు చేసే మనవాళ్లను అడగండి. బ్లూమింగ్టన్‌లోని మెట్రోపాలిటన్ స్టేడియానికి పైకప్పు లేదు. కోచ్ బడ్ గ్రాంట్ డిసెంబరులో కూడా తన జట్టు పక్కన హీటర్లు పెట్టనిచ్చేవాడు కాదు. అవతలి జట్టు వేడి గాలి ముందు చేతులు కాచుకుంటుంటే వైకింగ్స్ మంచులో నిలబడి చూస్తుండేవారు. సగం ఆట అక్కడే గెలిచేవారని అంటారు.

ముందు వరసలో నలుగురు. కార్ల్ ఎలర్, జిమ్ మార్షల్, గ్యారీ లార్సెన్, పేజ్. జట్టు రంగు ఊదా. అప్పట్లో జనం నోళ్లలో ఉన్న ఒక సరదా పాట పేరు వీళ్లకు అంటుకుంది: పర్పుల్ పీపుల్ ఈటర్స్. అంటే మనుషుల్ని మింగే ఊదారంగు వాళ్లు. క్వార్టర్‌బ్యాక్ దగ్గర కలుద్దాం అనేది వాళ్ల నినాదం. జిమ్ మార్షల్ గురించి ఒక్క ముక్క చెప్పకుండా ముందుకు పోలేను. 1964లో ఒక మ్యాచ్‌లో చేజారిన బంతిని అందుకుని, 66 గజాలు అద్భుతంగా పరుగెత్తి, చేరాల్సిన గీత చేరాడు. కాకపోతే అది తన సొంత జట్టు గీత. దిక్కు మరిచిపోయాడు. అలాంటి మనిషే ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక్క ఆట తప్పకుండా ఆడాడు.

1969లో ఈ నలుగురూ ముందుండగా వైకింగ్స్ 14 మ్యాచ్‌లలో ఇచ్చిన పాయింట్లు మొత్తం 133. మ్యాచ్‌కు పది కూడా లేవు. 1971లో అసోసియేటెడ్ ప్రెస్ ఆ ఏటి అత్యంత విలువైన ఆటగాడిగా పేజ్‌ను ఎంపిక చేసింది. రక్షణ వైపు ఆడేవాడికి ఆ గౌరవం దక్కడం లీగ్ చరిత్రలో అదే మొదటిసారి. ఆ తర్వాత ఇంతవరకు మరొక్కడికే దక్కింది, 1986లో న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్‌కు. క్రికెట్ భాషలో చెబితే, బ్యాటర్ల కోసమే పెట్టినట్టుండే అవార్డును ఒక బౌలర్ ఎత్తుకుపోవడం.

ఏటా ఆఖరి పోరైన సూపర్ బౌల్ మాటకొస్తే, నాలుగుసార్లు చేరారు, నాలుగుసార్లూ ఓడారు. కాన్సాస్ సిటీ, మయామి, పిట్స్‌బర్గ్, ఓక్లండ్ చేతుల్లో. దీని గురించి మిన్నెసోటాలో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు. నేనూ ఇంతటితో ఆపుతాను.

గదిలో ప్లేబుక్

మన ఇళ్లలో ఆటకూ చదువుకూ ఎప్పుడూ పడదు. 'ఆటలాడితే అన్నం పెడతాయా' అనే ప్రశ్న వినకుండా పెరిగిన తెలుగువాళ్లు తక్కువ. అమెరికాలో ఆట నిజంగానే అన్నం పెడుతుంది. అందువల్ల అక్కడ కష్టం వేరే రూపంలో వస్తుంది. బాగా ఆడే కుర్రాణ్ణి చదువు రాకపోయినా తరగతి తర్వాత తరగతి దాటించేస్తారు. వాడు శనివారం గెలిపిస్తే చాలు, సోమవారం ఏం నేర్చుకున్నాడో ఎవరూ అడగరు.

పేజ్ 1988లో హాల్ ఆఫ్ ఫేమ్ ప్రసంగంలో చెప్పిన సంగతి ఇది. ఒకసారి డిఫెన్స్ ఆటగాళ్లను గదిలో కూర్చోబెట్టి, కోచ్ ప్లేబుక్‌ను వంతుల వారీగా పైకి చదవమన్నాడు. ప్లేబుక్ అంటే ఎత్తుగడలన్నీ రాసి ఉండే పుస్తకం. కొందరు గడగడా చదివారు. కొందరు కూడబలుక్కున్నారు. కొందరికి అసలు చదవడమే రాలేదు. వాళ్లు పల్లె బడి మధ్యలో మానేసినవాళ్లు కారు. నాలుగేళ్లు కాలేజీల్లో ఉండి వచ్చినవాళ్లు. దేశమంతా పేరు తెలిసిన మొనగాళ్లు. ఎదుటి జట్టు కదలికను క్షణంలో చదివేసే మనుషులు తమ పని గురించి రాసిన కాగితాన్ని చదవలేకపోయారు.

నా లెక్కలో పేజ్ జీవితానికి ఇరుసు ఈ గదే. నాలుగు సూపర్ బౌళ్లు కావు, 1971 అవార్డూ కాదు.

లా చదువు ఆయనకు మొదటి ప్రయత్నంలో అబ్బలేదు. ఆటలో చేరిన తొలి రోజుల్లోనే ఒక న్యాయ కళాశాలలో చేరి, కొద్ది వారాలకే మానేశారు. మళ్లీ 1975లో మిన్నెసోటా విశ్వవిద్యాలయ లా స్కూల్లో చేరారు. ఆటా ఆగలేదు, చదువూ ఆగలేదు. 1978లో పట్టా చేతికొచ్చింది. ఈలోగా ఆటగాళ్ల సంఘం కార్యవర్గంలో పనిచేశారు. 1974 సమ్మె రోజులవి. యజమానులకు ఇలాంటి ఆటగాడు కంట్లో నలుసు.

అదే సమయంలో మరొకటి జరిగింది. భార్య డయాన్ సిగరెట్ మానడానికి పరుగు మొదలుపెట్టారు. తోడుగా ఈయనా పరుగెత్తారు. ఆమె సిగరెట్ పోయింది, ఈయన బరువు పోయింది. వంద కిలోల దగ్గరికి దిగారు. ముందు వరసలో నిలబడేవాడు సన్నబడటం కోచ్ గ్రాంట్‌కు నచ్చలేదు. 1978 సీజన్ నడుమ, పదకొండేళ్లు దాటిన సేవ తర్వాత, వైకింగ్స్ ఆయన్ని వదిలేసింది. షికాగో బేర్స్ ఆయన్ని తీసుకోవడానికి కట్టిన రుసుము అక్షరాలా వంద డాలర్లు.

ఆ వంద డాలర్ల మనిషి 1981 దాకా షికాగోకు ఆడారు, ఒక్క మ్యాచ్ కూడా తప్పకుండా. మొత్తం లెక్క చూస్తే వరసగా 218 లీగ్ మ్యాచ్‌లు. 1979లో మారథాన్ పూర్తిచేశారు. లీగ్‌లో ఆడుతూనే మారథాన్ పరుగెత్తిన మొదటి ఆటగాడు ఆయనే. ఆ ఏడాదే మినియాపొలిస్‌లో ఒక న్యాయ సంస్థలో ఉద్యోగం. ఆట కాలంలో షికాగో, మిగతా కాలంలో ఫైళ్లు.

ఆయన శాక్‌లు ఎన్ని? ఇక్కడొక చిత్రం. లీగ్ శాక్‌లను అధికారికంగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది 1982లో. పేజ్ ఆట మానింది 1981లో. కాబట్టి రికార్డు పుస్తకం ప్రకారం ఆయన ఖాతాలో సున్నా. తర్వాత పాత కాగితాలు తవ్విన పరిశోధకులు 148.5 అని తేల్చారు. అరలు ఎందుకంటే, ఇద్దరు కలిసి పడగొడితే చెరి సగం.

ఎన్నిక కోసం వ్యాజ్యం

1985 నుంచి రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్నారు. 1988లో హాల్ ఆఫ్ ఫేమ్ పిలుపు వచ్చింది. సభలో పరిచయం చేయడానికి ఎవరినైనా ఎంచుకోవచ్చు. అందరూ పాత కోచ్‌నో తోటి ఆటగాణ్ణో తెచ్చుకుంటారు. పేజ్ మినియాపొలిస్‌లోని నార్త్ హైస్కూల్ ప్రిన్సిపాల్ విల్లరీన్ బీజ్లీని పిలిచారు. ఫుట్‌బాల్ అభిమానులు వేల మంది ఎదురుగా కూర్చుని ఉండగా, వేదిక మీద ఒక బడి పెద్దమ్మ. ఆ రోజే పేజ్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ గురించి చెప్పారు. శ్వేతజాతికి చెందని విద్యార్థులకు మిన్నెసోటాలో కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ ఇస్తారు. ఊరికే కాదు. డబ్బు తీసుకున్నవాళ్లు ఏడాదికి 50 గంటలు చిన్న తరగతుల పిల్లలకు పాఠాలు చెప్పాలి, తోడుగా ఉండాలి. డబ్బు కంటే ఈ షరతే తెలివైనదని నాకనిపిస్తుంది. పదేళ్ల పిల్లాడికి ముప్ఫై ఏళ్ల లాయరు అందనంత దూరంలో కనిపిస్తాడు. పక్కవీధి నుంచి కాలేజీకి పోయిన అక్క చెయ్యి చాస్తే అందుతుంది. ఆ అక్కలూ అన్నలూ ఇప్పటికి వేలల్లో ఉన్నారు.

ఇక కోర్టు. మన దేశంలో జడ్జీలను నియమిస్తారు. మిన్నెసోటాలో జడ్జీలు ఓట్లు అడగాలి, ఆరేళ్లకోసారి. కాగితం మీద మాట అది. ఆచరణలో చాలామంది జడ్జీలు పదవీకాలం మధ్యలోనే దిగిపోతారు, ఖాళీని గవర్నర్ నింపుతాడు, ఆ తర్వాత ఎన్నిక లాంఛనం. 1992లో పేజ్ కన్నేసిన స్థానానికి ఎన్నిక రావాల్సి ఉండగా, అందులో ఉన్న న్యాయమూర్తికి విరమణ ప్రయోజనాలు పూర్తిగా అందేందుకని గవర్నర్ ఆర్నీ కార్ల్‌సన్ ఆ న్యాయమూర్తి పదవీకాలం పొడిగించాడు. దాంతో ఎన్నికే ఎగిరిపోయింది.

పేజ్ కోర్టుకెక్కారు. ఏ కోర్టుకు? తాను కూర్చోవాలనుకున్న కోర్టుకే. అక్కడి న్యాయమూర్తులు తమ సొంత కుర్చీ తగాదా వినడం బాగుండదని పక్కకు తప్పుకున్నారు. వాళ్ల స్థానంలో తాత్కాలిక ధర్మాసనం కూర్చుని కేసు విన్నది. ఎన్నిక జరపాల్సిందేనని తీర్పు వచ్చింది. నవంబరులో పేజ్ గెలిచారు. 1993 జనవరిలో మిన్నెసోటా సుప్రీంకోర్టులో మొదటి నల్లజాతి న్యాయమూర్తిగా కూర్చున్నారు. ఫుట్‌బాల్ పేరుతో గెలిచాడన్న గొణుగుడు ఆనాడు లేకపోలేదు. పేరుకు ఓట్లు పడ్డాయేమో కానీ, ఓటు వేసే హక్కును ముందుగా వాదించి సంపాదించింది మాత్రం లాయరు పేజ్. ఆ తర్వాత 1998, 2004, 2010 ఎన్నికల్లోనూ గెలిచారు.

చేరిన ఏడాదే ఆయన ముందుకు బడి వచ్చింది. జిల్లాకో తీరున ఉన్న పాఠశాలల నిధుల పద్ధతి రాజ్యాంగబద్ధమేనా అన్న కేసు. బద్ధమేనని ఎక్కువమంది తేల్చారు. పేజ్ విభేదించారు. మెజారిటీకి తల ఊపడం ఆయనకు అలవాటు లేదు. జాతి ఊసు ఉన్న కేసుల్లో ఆయన రాసిన అసమ్మతి తీర్పులు చాలానే ఉన్నాయి. 2015 ఆగస్టులో డెబ్బై ఏళ్లు నిండాయి. అక్కడి చట్టం ప్రకారం దిగిపోయారు. 2020లో మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ అధ్యక్షుడు, భారత సంతతికి చెందిన నీల్ కాశ్కరీతో కలిసి, నాణ్యమైన చదువును ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కు చేయాలంటూ రాష్ట్ర రాజ్యాంగ సవరణ ప్రతిపాదించారు. ఉపాధ్యాయ సంఘం ఒప్పుకోలేదు. అది ఓటర్ల దాకా వెళ్లలేదు.

పేజ్ దంపతులకు ఒక అలవాటుండేది. బానిసత్వం నాటి వస్తువులూ, ఆ తర్వాతి వివక్ష కాలపు వస్తువులూ కొని దాచడం. 'కలర్డ్' అని రాసిన బోర్డులు, అబ్రహాం లింకన్ అంతిమయాత్ర కాలం నాటి గుడ్డ బ్యానర్. 2018 మొదట్లో మినియాపొలిస్ సెంట్రల్ లైబ్రరీలో వాటితో ప్రదర్శన పెట్టారు. ఆ సెప్టెంబరులో డయాన్ కన్నుమూశారు. నవంబరులో పేజ్ ఆమె లేకుండా, పిల్లల తోడుతో, వాషింగ్టన్ వెళ్లి ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు.

అదే రోజు అదే పతకం అందుకున్న మరొకరు రోజర్ స్టాబాక్. డాలస్ క్వార్టర్‌బ్యాక్. 1971 క్రిస్మస్ నాడు వైకింగ్స్‌ను ఇంటికి పంపిన జట్టు ఆయనది. 1975 డిసెంబరు 28న, ఆఖరి ఘడియల్లో దేవుడి మీద భారం వేసి ఆయన గాల్లోకి విసిరిన బంతి మళ్లీ మిన్నెసోటాను ముంచింది. కేథలిక్కులు మేరీమాతకు చేసే ప్రార్థన పేరుతో అలాంటి విసురును 'హెయిల్ మేరీ' అనడం దేశమంతా పాకింది ఆ రోజు నుంచే. నలభై మూడేళ్ల తర్వాత, పట్టబోయినవాడూ తప్పించుకున్నవాడూ ఒకే గదిలో మెడ వంచి పతకం వేయించుకున్నారు.

ఆ ఆట జరిగిన మెట్రోపాలిటన్ స్టేడియం ఇప్పుడు లేదు. దాన్ని పడగొట్టిన స్థలంలోనే 1992లో మాల్ ఆఫ్ అమెరికా తెరిచారు. పేజ్ ఎన్నిక గెలిచిన సంవత్సరమే. కొడుకుల దగ్గరికి, కూతుళ్ల దగ్గరికి మిన్నెసోటా వెళ్లిన మన అమ్మానాన్నలు ఫొటో దిగకుండా రాని చోటు అది. గ్రాంట్ హీటర్లు పెట్టనివ్వని నేల మీద ఇప్పుడు ఏడాది పొడవునా వెచ్చగా ఉంటుంది.

2017లో మినియాపొలిస్‌లోని ఒక మిడిల్ స్కూల్ పేరు మార్చారు. అంతకుముందు అది అలెగ్జాండర్ రామ్సే బడి. 1862లో సూ తెగవాళ్లను నిర్మూలించాలని లేదా రాష్ట్రం నుంచి తరిమేయాలని పిలుపిచ్చిన గవర్నర్ ఆయన. ఆ పేరు మాకొద్దని విద్యార్థులే పూనుకుని, వాళ్లే కొత్త పేరు ఎంచుకున్నారు: జస్టిస్ పేజ్ మిడిల్ స్కూల్. ముందు ఎవరున్నారో చూడండి. 88వ నంబర్ కాదు, జస్టిస్.

ఏటా అక్టోబరులో జంట నగరాల మారథాన్ జరుగుతుంది. మినియాపొలిస్, సెయింట్ పాల్ జంట నగరాలు, మన హైదరాబాద్, సికింద్రాబాద్ లాగే. పరుగెత్తేవాళ్లు సరస్సుల దారిలో వస్తుంటే, రోడ్డు పక్కన ఒక పొడవాటి పెద్దాయన, బో టైతో, మెడ చుట్టూ చుట్టుకున్న భారీ ఇత్తడి ట్యూబా పట్టుకుని బుగ్గలు పూరించి ఊదుతూ కనిపిస్తారు. తెలిసినవాళ్లు ఆగి చెయ్యి కలుపుతారు. తెలియనివాళ్లు నవ్వి వెళ్లిపోతారు. ట్యూబా మీటలకు మూడు వేళ్లు చాలు. చిటికెన వేలితో పని లేదు.